డోప్ టెస్టులో దొరికిన ప్లేయర్‌ని టీమ్ ఉంచుకోవాలా, పంపించేయాలా?

ఈరోజు ఒక్కటే ప్రశ్న. డోప్ టెస్టులో దొరికి నిషేధం పడిన ప్లేయర్‌ని వాళ్ళ టీమ్ ఉంచుకోవాలా, తీసేయాలా? అడిగితే మనం ఏమంటాం? వేరే టీమ్ వాడైతే "తీసి పడేయండి" అంటాం. మన ఫేవరెట్ అయితే "పాపం, ఎవరో ఇరికించారు" అంటాం. కాసేపు ఈ రెండూ పక్కన పెడదాం.

మన హైదరాబాద్ టీమ్‌తోనే మొదలుపెడతాను. 2018 ఐపీఎల్ ఫైనల్ గుర్తుందిగా? వాంఖడేలో మనం, చెన్నై. వాట్సన్ 117 కొట్టి మన గుండె పగలగొట్టాడు, ఆ బాధ ఇంకో ఎపిసోడ్‌లో ఏడుద్దాం. ఆ మ్యాచ్‌లో సన్‌రైజర్స్ తరఫున 25 బంతుల్లో 45 నాటౌట్ కొట్టింది యూసుఫ్ పఠాన్. ఆ ఏడాది జనవరి 14 వరకు అతను నిషేధంలో ఉన్నాడు.

కథ ఏంటంటే, 2017 మార్చిలో ఒక దేశవాళీ టీ20 టోర్నీ టైంలో అతని శాంపిల్ తీసుకున్నారు. అందులో టెర్బుటలిన్ వచ్చింది. బీసీసీఐ 5 నెలల నిషేధం వేసింది. కానీ విషయం బయటికి చెప్పింది 2018 జనవరి 9న. లెక్క మాత్రం 2017 ఆగస్టు 15 నుంచి వేశారు. అంటే జనాలకి తెలిసిన 5 రోజులకి శిక్ష అయిపోయింది! అదే నెలాఖరులో వేలం జరిగితే సన్‌రైజర్స్ 1.9 కోట్లకి కొనుక్కుంది.

ఇప్పుడు ఈ టెర్బుటలిన్ ఏంటి? ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు వదులయ్యేలా చేసే మందు. మన దగ్గర చాలా దగ్గు సిరప్‌లలో ఉంటుంది. అమలాపురంలోనో రాజోలులోనో ఏ మెడికల్ షాపుకైనా వెళ్ళి "అన్నా, కఫం పట్టేసింది" అంటే ఇచ్చే సీసాల్లో ఇది ఉండొచ్చు. మనకి అది దగ్గు మందు. పోటీల్లో ఆడేవాడికి మాత్రం నిషేధిత మందు. డాక్టర్ నిజంగా అవసరం అంటే ముందే అప్లై చేసి పర్మిషన్ తెచ్చుకోవాలి. పఠాన్ కేసులో ఆ పర్మిషన్ లేదు. తెలియకుండా తాగాడు అన్న వివరణని బీసీసీఐ ఒప్పుకుంది, అయినా శిక్ష వేసింది. ఎందుకంటే డోపింగ్ రూల్ ప్రకారం నీ ఒంట్లో ఏం దొరికినా బాధ్యత నీదే. ఎలా వచ్చింది, ఎవరిచ్చారు అన్నది శిక్ష ఎంత అనేదానికి పనికొస్తుంది గానీ, తప్పు లేదు అనడానికి దాదాపు పనికిరాదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో చేసినప్పుడు సర్వర్ పడిపోతే లాగ్స్ చూసేవాళ్ళం. ఏ ఐడీ నుంచి డిలీట్ కొట్టారో లాగ్ చెప్తుంది. కావాలని కొట్టాడా, నిద్రమత్తులో కొట్టాడా అనేది చెప్పదు. డోప్ టెస్టు కూడా అంతే. రిపోర్టు చూసి మనిషిని జడ్జ్ చేసేయడం కుదరదు.

సరే, ఇప్పుడు కష్టమైన కేసు. ఆండ్రీ రసెల్. ఇతని ఒంట్లో ఏమీ దొరకలేదు. పెద్ద ప్లేయర్లు రోజుకో గంట చొప్పున ఎక్కడ దొరుకుతారో ముందే రాసివ్వాలి, టెస్టు వాళ్ళు చెప్పకుండా వస్తారు. 12 నెలల్లో 3 సార్లు ఆ వివరాలు ఇవ్వకపోయినా, చెప్పిన చోట లేకపోయినా అదే ఒక డోపింగ్ నేరం. రసెల్ 2015లో మూడుసార్లు తప్పాడు. 2017 జనవరి 31 నుంచి ఏడాది నిషేధం. ఆ సీజన్ ఐపీఎల్ మొత్తం పోయింది, కేకేఆర్ అతని బదులు కొలిన్ డి గ్రాండ్‌హోమ్‌ని తెచ్చుకుంది. తర్వాత మెగా వేలం ముందు, 2018 జనవరి 4న, కేకేఆర్ ఇద్దరినే ఉంచుకుంది. ఒకరు నరైన్, రెండోది రసెల్. ఆ రోజుకి రసెల్ శిక్ష ఇంకా అవ్వలేదు! విచిత్రం చూడండి, దగ్గు సిరప్ పఠాన్ కూడా అప్పటిదాకా కేకేఆరే. అతను వేలంలోకి వెళ్ళాడు.

2019లో రసెల్ 510 పరుగులు, 52 సిక్సులు కొట్టి ఆ సీజన్‌కి అత్యంత విలువైన ప్లేయర్ అయ్యాడు. "చూశారా, ఉంచుకోవడం కరెక్టే" అంటారు. నేను ఒప్పుకోను. 52 సిక్సులు కొట్టాడు కాబట్టి ఉంచుకోవడం న్యాయం అయితే, 5 సిక్సులు కొట్టేవాడికి న్యాయం లేదనేగా?

2025లో రబాడ కేసు ఇంకో రకం. గుజరాత్ టైటన్స్ 10.75 కోట్లు పెట్టి కొన్నది. సీజన్ మధ్యలో ఇంటికెళ్ళిపోయాడు. సరదాకి వాడే డ్రగ్ దొరికిందని తర్వాత చెప్పాడు. ఇలాంటి వాటికి ఇప్పుడు రూల్ వేరు. ఆటతో సంబంధం లేకుండా, పోటీ లేని టైంలో వాడినట్టు తేలితే 3 నెలలు. చికిత్స ప్రోగ్రామ్ పూర్తి చేస్తే 1 నెల. రబాడ అది పూర్తి చేశాడు, మేలో టీమ్ తిరిగి తీసుకుంది. నాకైతే ఇది నచ్చింది. అలవాటు ఉన్నవాడిని రోడ్డు మీద వదిలేస్తే అలవాటు ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు కదా.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. "టీమ్ ఉంచుకుంది" అంటే నిషేధంలో కూడా నెట్స్‌లో ఆడుకుంటున్నాడు అనుకోకండి. నిషేధంలో టీమ్‌తో ప్రాక్టీస్ చేయకూడదు, క్లబ్ గ్రౌండూ జిమ్మూ వాడకూడదు. చివరి 2 నెలలు, లేదా శిక్షలో చివరి పావు వంతు, ఏది తక్కువైతే ఆ టైంలోనే తిరిగి ట్రైనింగ్‌కి రానిస్తారు. పృథ్వీ షాకి 2019లో 8 నెలలు పడితే (అదీ టెర్బుటలినే) నవంబర్ 15తో ముగిసే శిక్షకి సెప్టెంబర్ సగం నుంచి ప్రాక్టీస్‌కి వీలు దొరికింది. అంటే ఉంచుకోవడం అంటే మిగిలేది కాంట్రాక్టు, జీతం, "నువ్వు మావాడివే" అనే మాట. అంతే.

ఆ మాట ఎవరికి ఎక్కువ అవసరం? రసెల్‌కి కాదండి. కోనసీమ కుర్రాడికి.

మన అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ ప్రపంచ నంబర్ వన్ దాకా వెళ్ళాడు. అతన్ని చూసి ఎంతమంది పిల్లలు రాకెట్ పట్టారో మీకు తెలుసు. కొత్తపేట, రాజోలు వైపు కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్ళు, స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఎంతోమంది. వీళ్ళకి టీమ్ డాక్టర్ ఉండడు. జిమ్‌లో ఎవరో అన్న ఇచ్చిన పౌడర్, షాపు అతను ఇచ్చిన సిరప్. యూనివర్సిటీ గేమ్స్, ఖేలో ఇండియా, నేషనల్స్ దాకా వెళ్తే మాత్రం నాడా వాళ్ళు శాంపిల్ తీసుకుంటారు. 2024లో దేశంలో 7,113 టెస్టులు చేస్తే 260 పాజిటివ్. పెద్ద సంఖ్యలో టెస్టులు చేసే దేశాల్లో మనదే ఎక్కువ శాతం. సిగ్గుపడాల్సిన విషయమే.

2011లో ఏమైందో చూడండి. ఢిల్లీ కామన్వెల్త్‌లో 4×400 రిలే గోల్డ్ తెచ్చిన అమ్మాయిల్లో మన్‌దీప్ కౌర్, సినీ జోస్, అశ్విని అక్కుంజి స్టెరాయిడ్‌తో దొరికారు. కోచ్ ఇచ్చిన సప్లిమెంట్ వల్లే అన్నారు. కోచ్‌ని తీసేశారు. అమ్మాయిలకి ముందు 1 ఏడాది వేస్తే, అంతర్జాతీయ కోర్టు దాన్ని 2 ఏళ్ళు చేసింది.

కాబట్టి నా లెక్క ఇది. తెలియక మందు తాగినవాడిని, అలవాటులో పడి చికిత్సకి ఒప్పుకున్నవాడిని టీమ్ ఉంచుకోవాలి, స్టార్ అయినా పన్నెండో ప్లేయర్ అయినా. మ్యాచ్ ఫీజు వద్దు, అతని ప్లేస్‌లో వచ్చినవాడిని వెనక్కి పంపొద్దు, కాంట్రాక్టు మాత్రం తెంచొద్దు. కావాలని స్టెరాయిడ్ ఎక్కించుకుని 4 ఏళ్ళు పడినవాడి కోసం సీటు ఆపక్కర్లేదు. బెంచ్ మీద కూర్చుని క్లీన్‌గా ఆడేవాడి సీటు అది. ఇచ్చిన కోచ్‌ని మాత్రం అస్సలు వదలొద్దు. రూల్‌లో వాళ్ళకి 4 ఏళ్ళ నుంచి జీవితకాలం దాకా శిక్ష ఉంది.

ఇది చూస్తున్న ప్లేయర్స్ ఎవరైనా ఉంటే, ఈసారి దగ్గొచ్చినప్పుడు షాపులో సీసా తీసుకునే ముందు వెనక లేబుల్ ఫోటో తీయండి. అందులో టెర్బుటలిన్ అని ఉందేమో చూడండి. ఉంటే అక్కడే పెట్టేసి, "నేను పోటీల్లో ఆడతాను, ఇది లేనిది ఇవ్వండి" అని డాక్టర్‌ని అడగండి. బిల్లు కూడా దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే మీ దగ్గరుండే సాక్ష్యం అదొక్కటే.