నివ్వరినుండి వరి: ఏరికయు, కాకతాళీయమును

(ఒక వ్యవసాయ ప్రదర్శకుడు)

కోతకు పది దినములు ముందుగా గట్టుమీద నిలిచి చూచినచో, వరిచేనిలో నడుమనడుమ పొడవుగా లేచి, వెన్ను ముదిరినంతనే గింజ రాల్చివేయు మొక్కలు కొన్ని కానవచ్చుచుండును. గింజను నలిపి చూచిన బియ్యము ఎఱ్ఱగా నుండును. వీనిని మనము కేళీలని పెఱికివైచుచున్నాము. "విత్తనము సంఘమునుండియే తెచ్చితిమి గదా, ఈ దొంగ యెక్కడినుండి వచ్చినదండీ?" యని గడచిన మాసమున నొక సభ్యుడు నన్నడిగెను. విత్తనములో కల్తీ గలిసియుండునని రెండు మాటలు చెప్పి తప్పించుకొంటిని. ఆ యుత్తరము నాకే తృప్తి నీయలేదు. ఆ ప్రశ్నలో వరియొక్క పుట్టుపూర్వోత్తరములన్నియు నిమిడియున్నవి. కావున నిచ్చట కొంత విపులముగ వ్రాయుచున్నాను.

చెరువుల యంచులందును, కుంటలయందును తనంతట మొలచు నివ్వరిని మీరందఱు నెఱుగుదురు. సంస్కృతమున నీవారమనునది యిదియే. మన వరికి పూర్వులు ఇట్టి యడవి వరులే. వానికి గింజ రాలుటయే బ్రదుకు. రాలనిచో మఱుసటి యేట మొలక లేదు. సుమారు తొమ్మిదివేల యేండ్ల క్రిందట చీనాదేశమున యాంగ్‌ట్సీ నదీ ప్రాంతమున వరిసాగు మొదలైనట్లు త్రవ్వకములవలన తెలియుచున్నది. ఆనాటి వారు వెన్నులు కోసి యింటికి తెచ్చుకొన్నప్పుడు, రాలిపోయిన గింజ మడిలోనే యుండెను. రాలని గింజ గాదెకు చేరి మఱునాటి విత్తనమయ్యెను. ఎవడును బుద్ధిపూర్వకముగ నెన్నిక చేయలేదు. కొడవలియే యెన్నిక చేసినది.

మొక్కలో నేమి మాఱినదో చెప్పవలెనన్న, విత్తనములోపలి గ్రంథమును గూర్చి ఒకమాట చెప్పవలెను. ప్రతి మొక్కయొక్క ప్రతి కణమునందును ఆ మొక్క యెట్లు పెరుగవలెనో నాలుగే యక్షరములతో వ్రాయబడిన గ్రంథమొకటి కలదు. దీనిని జీనోమనియు, అందులో పని చెప్పు వాక్యములవంటి భాగములను జన్యువులనియు నందురు. వరి గ్రంథమునకు పండ్రెండు సంపుటములు. సుమారు 39 కోట్ల యక్షరములు. 37 వేల జన్యువులు. పది దేశములవారు పంచుకొని దీనిని 2005లో చదివి ముగించిరి. మన దేశమువారు పదునొకండవ సంపుటమున పాలుపంచుకొనిరి. తరతరమునకు నీ గ్రంథము ప్రతివ్రాయబడుచుండును. తాళపత్రములు వ్రాయు లేఖకునకువలెనే దీనికిని అక్కడక్కడ తప్పులు దొరలుచుండును. పెక్కు తప్పులవలన నర్థము మాఱదు. కొన్నిటివలన చెడును. ఏ కొలదిపాటియో మేలగును.

గింజ రాలకుండుటకు ముఖ్యకారణమైన జన్యువొకటి 2006లో బయల్పడెను. నివ్వరికిని వరికిని అందులో భేదము ఒక్క యక్షరము! ఆ యక్షరమును కొడవలి పట్టుకొన్నది. ఇట్లు పరిస్థితికి తగినది నిలిచి తగనిది పోవుటను నేను ఏరిక యనుచున్నాను. 1966లో ఫిలిప్పీన్సు దేశమున విడుదలయైన ఐ.ఆర్. 8 పొట్టితనము నిట్టిదే. డీ-జియో-ఊ-జెన్ అను తైవాను రకమునందు కాండమును పొడిగించు జన్యువున 383 అక్షరములు జారిపోయినవి. అడవిలో నట్టి పొట్టిమొక్క నీడపడి నశించును. ఎరువువేసిన మడిలో పడిపోకుండ నిలుచును. లోపమే లాభమైనది.

తెల్లబియ్యము కథ వేఱు. ఎఱుపునిచ్చు జన్యువులో 14 అక్షరములు పోవుటచేత బియ్యము తెల్లనైనది. మన పూర్వులకది కంటికింపుగా దోచి యంతట ప్రాకించిరి. కాని యా జన్యువునకు ఎఱుపునిచ్చుటయే గాక, గింజను తొందరపడి మొలకెత్తకుండ నిద్రపుచ్చు పనియు గలదు. కోతవేళ తుపాను పట్టినప్పుడు వెన్నులలోనే గింజ మొలకెత్తి రైతు నోట మన్నుపడుట మీరు చూడనిది కాదు. అందులో కొంతపాలు మనము కోరిన తెలుపునకు చెల్లించు వెల యని నా యభిప్రాయము.

ఇంతవఱకు చెప్పినది ఏరిక. అయితే గ్రంథములోని మార్పులన్నియు నేరికచేతనే కలిగినవని తలచుట పొరపాటు. ఎంతయో కాలము నేనును అట్లే తలచితిని. 1968లో జపాను శాస్త్రజ్ఞుడు మోటో కిమురా, అక్షరములలో నిలిచిపోవు మార్పులలో నధికభాగము మేలుగాని కీడుగాని చేయనివే యనియు, కేవలము కాకతాళీయముగ నిలిచినవనియు వాదించెను. కాకి వ్రాలుట, తాటిపండు పడుట!

దీనిని సంఘ సమావేశమున నొకప్పుడు గింజలతో చూపితిని. ఒక ముంతలో అయిదు చింతగింజలు, అయిదు కుంకుడుగింజలు వేసి, కన్నులు మూసిన బాలునిచే అయిదింటిని తీయించితిని. తీసినవాని కన్నింటికి జోడుగింజలు చేర్చి మరల పది చేసి ముంతలో వేసి, మరల తీయించితిని. ఇట్లు తొమ్మిదవ మాఱునకే కుంకుడు లేకపోయెను. మరల మొదటినుండి ఆడగా పదునాల్గవ మాఱునకు చింతగింజ మాయమయ్యెను. చింత కుంకుడుకంటె బలమైనదా? కాదు, రెండవసారి అదియే యోడెను. పిమ్మట పెద్దకుండలో నూఱేసి గింజలు వేసి, మాఱుమాఱునకు నూఱు తీయుచు, అన్నిమాఱులే యాడితిమి. రెండురకములును నిలిచెను. ముంత చిన్నదైనచో అదృష్టమే రాజు.

వరి మానవుని చేతికి వచ్చునప్పుడు ముంత చిన్నదయ్యెను. నివ్వరి గుంపులన్నిటినుండి గాక, కొన్ని మొక్కల సంతతియే మన పొలములకు వచ్చినది. తక్కినవానిలోని జన్యుభేదము వెనుకనే నిలిచిపోయెను. మఱియొక చిక్కు: మేలైన యక్షరమునకు ప్రక్కనే, అదే సంపుటమున, కీడైన యక్షరము లుండిన నవియు దానితో గూడ వచ్చును. మంచి ధాన్యముతో తాలు బండి యెక్కినట్లు. అడవి వరికంటె సాగువరిలో హానికరములైన యక్షరములపాలు హెచ్చుగ నున్నదని 2006లో శాస్త్రజ్ఞులు చూపిరి. మనము వరిని మచ్చికచేసిన ఖర్చు అది.

గ్రంథముయొక్క పరిమాణమునుగూడ మొక్క యవసరమునుబట్టి కొలువరాదు. మీ పెరటి నీరుల్లి గ్రంథమునందు సుమారు 1,600 కోట్ల యక్షరములు గలవు. వరికంటె నలుబది రెట్లు, మనుష్యునికంటె నైదు రెట్లు. ఉల్లికి మనకంటె పని యెక్కువయా? అందులో పెద్దభాగము తమ్ముతాము ప్రతివ్రాసికొనుచు చోటు మాఱు తునుకలు. వీని నుండుటను మొక్కజొన్నలో మొదట కనిపెట్టిన బార్బరా మెక్లింటాక్ దొరసానికి 1983లో నోబెల్ బహుమానము లభించెను. జపానుదేశపు గింబోజు అను వరియందు 430 అక్షరముల చిన్న తునుక యొకటి, ఇతర జపాను రకములలో సుమారు 50 చోట్ల నుండునది, వెయ్యికి మించి వ్యాపించినది. ఇది మొక్క క్షేమముకొఱకు గాక తన విస్తరణకొఱకు చేసిన పని. అయినను కొన్నిచోట్ల జన్యువుప్రక్క చేరి, చలికిని ఉప్పునకును ఆ జన్యువు మేల్కొనునట్లు చేసినదని 2009లో తేలెను. అతిథిగా వచ్చినవాడు ఒక్కొక్కప్పుడు చేయి సాయము పట్టును.

ఇక నా తప్పొకటి చెప్పవలసియున్నది. మెట్టగ్రామమొకదానిలో నొక రైతు సజ్జలో ఆఱు కంకులను, మూరెడేసివానిని, ఏరి విత్తనమునకు దాచెను. చెరువు వెనుక, చుట్టును వేరుసెనగ తప్ప వేఱు సజ్జ లేని తావున చల్లెను. నేను సభలో నాతని మెచ్చుకొని, అందఱును అట్లే చేయుడని చెప్పితిని. మఱుసటేడును ఆతడు నాలుగైదు కంకులే యేరెను. మూడవయేట మొలకలలో కొన్ని పాలవలె తెల్లగా వచ్చి వారములోపల చచ్చెను, బ్రదికినవి పొట్టివయ్యెను, కంకులలో గింజ పలుచబడెను. "మీరు మెచ్చుకొన్ననాటినుండియే నా సజ్జ చెడినది బాబూ" అనెను. ఆతడు నవ్వుచునే యన్నను నాకు తల యెత్తరాలేదు. ఆతడు చేసినది ఏరికయే యని మే మిరువురము తలచితిమి; నిజమునకు ముంతను చిన్నది చేసితిమి. సజ్జ పరపరాగసంపర్కము గల పైరు. దాగియున్న చెడుగుణములు, దగ్గఱి చుట్టముల పొత్తుచే రెండువైపులనుండి కలిసి బయటపడినవి. పొరుగూళ్ల సజ్జ కలిపి చల్లగా రెండేండ్లలో చేను తేఱుకొనెను. కాబట్టి సజ్జ దాచుకొను సభ్యులు చేని నడుమనుండి, తెగులులేని మొక్కలనుండి, తక్కువపక్షము రెండుమూడువందల కంకులు తీసి కలుపవలెను. వరి తనలో తాను పండునదగుటచే నీ భయము దానికి తక్కువ. దానికి కల్తీ భయమే యెక్కువ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. ఆ యెఱ్ఱదొంగ కొన్నిచోట్ల నివ్వరికిని వరికిని కలిగిన సంకరము. కొన్నిచోట్ల సాగువరియే మరల నడవిదారి పట్టినది. రాలుటయు, నిద్రించుటయు దానికి మేలు; మన మడిలోనే దానికి తగిన యేరిక జరుగుచున్నది. మనము కొడవలితో రాలనిదానిని ఏరితిమి. దున్నినమడి రాలినదానిని ఏరుచున్నది. గింజ రాలకముందే పెఱికి గట్టు దాటించవలెను.

అయితే నివ్వరిని సమూలముగ ద్వేషింపకుడు. 1970 ప్రాంతమున సుడిదోమ వ్యాపింపజేయు గడ్డిదుబ్బు తెగులునకు తట్టుకొను వరికై ఆఱువేలకు పైగా నమూనాలు పరీక్షించగా, మన ఉత్తరప్రదేశపు నివ్వరి నమూనా యొక్కటియే నిలిచెను. 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబమసూరికి ఎండాకు తెగులు శత్రువు. దాని నడ్డుకొను మూడు జన్యువులను చేర్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు సిద్ధపఱచిన రకము 2008లో విడుదలయయ్యెను. ఆ మూటిలో నొకటి ఆఫ్రికాలోని మాలీదేశపు అడవి వరినుండి వచ్చినది. మన ముంతలోనుండి యేనాడో జారిపోయిన గింజలు వాని ముంతలో మిగిలియున్నవి.

ఈ వేసవిలో చెరువుల పూడిక తీయుదురు. మీ గ్రామపు కుంటలో నివ్వరి యుండినచో, ఆ మూలను పూడిక తీయుటకు ముందుగా నాకు తెలియజేయుడు. వెన్నులు ముదురు కాలమున నేను స్వయముగ వచ్చి గింజలు సేకరించుకొందును.