పొయ్యి దగ్గరికొచ్చిన పరిశోధన

"బొగ్గుపులుసు వాయువును కూడా సంతలో అమ్ముతారా వదినా?" అని మొన్న మా ఆడపడుచు అడిగింది. అమ్మేది వాయువును కాదమ్మా, దాన్ని తగ్గించామన్న లెక్కను. ఒక టన్ను తగ్గిస్తే ఒక క్రెడిట్. పొగ మానలేని కంపెనీ దాన్ని కొనుక్కుని, ఆ తగ్గింపు తానే చేసినట్టు ఖాతాలో రాసుకుంటుంది. దీన్నే కార్బన్ మార్కెట్ అంటున్నారు.

కాలుష్యపు హక్కులను అమ్మవచ్చునని కెనడా ఆర్థికవేత్త జాన్ డేల్స్ 1968లోనే పుస్తకం రాశాడు. 2005లో ఐరోపాలో కార్బన్ మార్కెట్ మొదలయ్యాక పరిశోధకులు చాలాకాలం ధరల వెంట పడ్డారు. ఎందుకు పెరిగింది, ఎందుకు పడింది అని. ఆ లెక్కలు నాకైతే కొరుకుడు పడలేదు. ఇటీవల మాత్రం వాళ్ళు ఎక్కువగా వేస్తున్న ప్రశ్న వేరు: అమ్మిన టన్ను నిజంగా తగ్గిందా?

ఆ ప్రశ్నే వాళ్ళను వంటింటిదాకా తెచ్చింది. పేద దేశాల్లో కట్టెలు తక్కువ తినే పొయ్యిలు పంచి, ఆదా అయిన కట్టెలను టన్నులుగా లెక్కగట్టి క్రెడిట్లు అమ్మే పథకాలున్నాయి. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటివి కొన్ని పరిశీలించి, రావలసిన వాటికన్నా సుమారు తొమ్మిది రెట్లు క్రెడిట్లు ఇచ్చారని 2024లో ప్రకటించారు.

ఇంత తేడా ఎందుకొచ్చిందో మనకు ఒకరు చెప్పాలా? కొత్త పొయ్యి వచ్చినంత మాత్రాన పాతది పోతుందా! మా ఇంట్లో గ్యాసు వచ్చాక కూడా ఏళ్ళ తరబడి స్నానాల నీళ్ళు పెరట్లో కట్టెల మీదే కాగాయి. పైగా ఎవరో పుస్తకం పట్టుకుని వచ్చి "కొత్త పొయ్యి వాడుతున్నారా అమ్మా?" అంటే, ఇచ్చినవాళ్ళ ముఖం చూసి "ఆఁ, రోజూ" అనేస్తాం. ఆ "రోజూ" అన్న మాటే అక్కడ టన్నులైపోతుంది. అడవిలో కట్టె తిరిగి పెరిగే లెక్కను కూడా కొన్నిచోట్ల తక్కువ చేసి చూపారట.

ఒడిశా పల్లెల్లో పొగగొట్టమున్న మట్టిపొయ్యిల మీద జరిగిన మరో అధ్యయనం 2016లో అచ్చయింది. మొదటి ఏడాది ఆడవాళ్ళు పీల్చే పొగ తగ్గింది, తర్వాత తేడా లేకుండా పోయింది. పొయ్యికి మరమ్మతులు సరిగా జరగలేదు, వాడకమూ సన్నగిల్లింది. పగిలిన పొయ్యి అలికే తీరిక ఆ ఇల్లాలికి ఎక్కడిది?

పొయ్యిలు దండగని ఈ పరిశోధకులు అనడం లేదు. కాగితం మీద లేని టన్ను తగ్గిందంటే, దాన్ని కొన్న కంపెనీ ఆ మేరకు నిజం పొగ వదులుతుంది, ఇక్కడ మన కళ్ళు ఎప్పట్లాగే మండుతాయి. అందుకే ఇంధనాన్ని నేరుగా కొలవమంటున్నారు. అలా మీటరు పెట్టి కొలిచే పద్ధతిలో ఆ తొమ్మిది రెట్లు ఒకటిన్నరకు దిగింది.