ఆదివారం ఎవరికి సెలవు?

ఆదివారం బడికి సెలవు. బ్యాంకుకు సెలవు. మరి మార్కాపురంలో పలకల మిల్లుకు పోయే అక్కకు? గిద్దలూరులో బట్టల షాపులో పొద్దంతా నిలబడి చీరలు చూపించే చెల్లెలికి? వాళ్లకూ వారానికి ఒక రోజు సెలవు ఉంది. అది చట్టం ఇచ్చిన సెలవు. యజమాని దయ కాదు.

ఈ సెలవు ఊరికే రాలేదు. సుమారు 140 ఏళ్ల కిందట బొంబాయి బట్టల మిల్లుల్లో పొద్దు పొడిస్తే పని. పొద్దు గూకేదాకా పని. వారం వారం సెలవు అనే మాటే లేదు. అప్పుడు నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన కార్మికులను కూడగట్టాడు. 1884లో 5,500 మంది అర్జీ పెట్టారు. యజమానులు వినలేదు. 1890 ఏప్రిల్‌లో పది వేల మందితో సభ జరిగింది. ఆ సభలో ఇద్దరు ఆడ కార్మికులు లేచి మాట్లాడారు. ఆ రోజుల్లో అంతమంది మగవాళ్ల ముందు నోరు విప్పడం ఎంత కష్టమో మీకే తెలుసు! 1890 జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు, 1891లో, అది ఫ్యాక్టరీల చట్టంలోకి ఎక్కింది.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుంది? ఫ్యాక్టరీలో వారానికి ఆరు రోజులకు మించి పని చేయించకూడదు. 1948 చట్టంలో ఈ హక్కు ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. అవసరం పడి సెలవు రోజు పని చేయిస్తే, బదులుగా ఇంకో రోజు సెలవు ఇవ్వాలి.

షాపులకు మన రాష్ట్రంలో 1988 నాటి చట్టం ఉంది. సెలవు ఆదివారమే కానక్కరలేదు. ఏ రోజైనా కావచ్చు. ఆ రోజు కూలి మాత్రం కోయకూడదు. రోజుకూలి మీద పనిచేసే మనిషికైనా ఇంతే.

మరి మిరపకాయ కోతకు పోయేవాళ్ల సంగతి? ఇక్కడే చట్టం చేయి చాలదు. ఇది పాత కథే. క్రీస్తు శకం 321లో రోము చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారం పనులు ఆపమని ఆజ్ఞ వేశాడు. పొలం పని మాత్రం ఆపక్కరలేదు అన్నాడు. అదను తప్పితే పంట పోతుందట. వంటింటి పని ఊసు అసలు ఎత్తలేదు.

మిల్లులో, షాపులో పనిచేసే అక్కలు ఒక పని చేయండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. హాజరు పట్టీలో సంతకం పెట్టేముందు చదవండి. మీరు పని చేసిన రోజు గడిలో 'సెలవు' అని రాశారా? షాపులో సెలవు రోజుకు కూలి కోశారా? అయితే నలుగురూ కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఏ తేదీన పని చేయించారో అందులో రాయండి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.