పురిటి ఏళ్లు లెక్కలోంచి తీసెయ్యరూ!

బోరు నీళ్లలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు. కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. ఏ బావి నీళ్లు కాఫీకి పనికొస్తాయో, ఏవి బట్టలకే సరిపోతాయో ఇల్లాలికి ఎవరూ చెప్పక్కర్లేదు. అటు కృష్ణపట్నం సముద్రం, ఇటు సైదాపురం అభ్రకం నేలలు, మధ్యలో వెంకటాచలం. అక్కడి ఆడవాళ్లకైతే నీళ్ల రుచి తెలుసుకోవడం రోజూ ఉండే పనే.

నేలలోని కాల్షియం, మెగ్నీషియం నీళ్లలో కరిగితే వచ్చే తిప్పలివి. ఏ రాయిలో ఏముంది, అది నీళ్లలోకి ఎలా చేరింది అని తేల్చేదే భూరసాయన శాస్త్రం. 1961లో ఏర్పడిన హైదరాబాద్ ఎన్.జి.ఆర్.ఐ.లోనూ ఈ పరిశోధనలు సాగుతున్నాయి.

ఈ రంగంలో కొత్తవాళ్ల వెన్నుతట్టే పురస్కారాలూ ఉన్నాయి. జియోకెమికల్ సొసైటీ 1972 నుంచి ఎఫ్.డబ్ల్యు. క్లార్క్ అవార్డు ఇస్తోంది. మన కేంద్ర గనుల శాఖ జాతీయ భూవిజ్ఞాన పురస్కారాల్లో ఒకటి యువ శాస్త్రవేత్తలది. అది 35 ఏళ్లలోపు వారికే.

చిక్కంతా ఇక్కడే! పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి అమ్మాయికి దాదాపు ముప్ఫై. అప్పుడే పెళ్లి, పురుడు, చంటిబిడ్డ. మళ్లీ లాబొరేటరీ గడప తొక్కేసరికి గడువు దాటిపోతుంది. తెలివి చాలక కాదు, తీరిక లేక!

జపాన్ భూరసాయన శాస్త్రవేత్త కత్సుకో సరుహాషి ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. సముద్రపు నీళ్లలో కార్బానిక్ ఆమ్లాన్ని లెక్కగట్టే పట్టిక తయారుచేసిందీవిడే. 1957లో టోక్యో విశ్వవిద్యాలయం నుంచి రసాయన శాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న తొలి మహిళ. 1980లో రిటైరైనప్పుడు తోటివాళ్లు కూడబెట్టి ఇచ్చిన సొమ్ముతో మహిళా శాస్త్రవేత్తలకు బహుమతి పెట్టింది. 1981 నుంచి ఏటా ఇస్తున్నారు. వయసు హద్దు ఎంతో తెలుసా? 50 ఏళ్లు!

మన దేశంలోనూ కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002-03లో, ఇంటి బాధ్యతల వల్ల పరిశోధన ఆపేసిన మహిళల కోసం ఒక పథకం మొదలుపెట్టింది. పనిలోకి తిరిగి రావడానికి దారి దొరికినట్టే. మరి పురస్కారం మాటేమిటి? ఉద్యోగంలో పురిటి సెలవు ఇస్తున్నట్టే, బహుమతి గడువులోంచీ ఆ ఏళ్లు తీసెయ్యమనడం అత్యాశ కాదు. అది దయ కూడా కాదు, సరైన లెక్క.

ఈలోగా మనం చేయగలిగిందీ ఉంది. ఇంట్లో చదువుకునే కోడలో కూతురో ఉంటే, బిడ్డను రోజుకో నాలుగు గంటలు మనం ఎత్తుకుందాం. ఆమెకు అంతకు మించిన బహుమతి ఏముంటుంది?