ఒంటరి ప్రయాణికురాలు – పోర్తో నగరం

ఆడపిల్ల ఒక్కతే ఊరు దాటి వెళ్తానంటే మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న “తోడెవరు?” అన్నది. డబ్బెంత, అక్కడ చలి ఎంత అన్నవి ఆ తరువాతి మాట. పై చదువులకు ఐరోపా వెళ్ళే తెలుగు విద్యార్థినులు ఈ రోజుల్లో కొత్త కాదు. సెలవులు దొరికితే వాళ్ళకు నాలుగూళ్ళు చూడాలని ఉంటుంది. వారి కోసమూ, వారిని పంపడానికి జంకే తల్లిదండ్రుల కోసమూ పోర్చుగల్‌లోని పోర్తో నగరం గురించి నాలుగు మాటలు చెబుతాను. డౌరో నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసే చోట, కొండవాలున కట్టుకొన్న పాత రేవు పట్టణం అది.

“తోడెవరు” అనే ప్రశ్న మన ఒక్కరి సొత్తు కాదు సుమా! సలాజార్ నియంతృత్వంలో, పెళ్ళయిన పోర్చుగీసు స్త్రీ దేశం దాటాలంటే భర్త అనుమతి ఉండి తీరాలి. ఆమె ఎంత చదువుకొన్నదైనా అంతే. ఈ నిబంధన 1969లో గాని పోలేదు. 1974 ఏప్రిల్ 25న సైనికులు తిరగబడి ఆ నియంతృత్వాన్ని కూలదోశారు. జనం వాళ్ళ తుపాకి గొట్టాల్లో కార్నేషన్ పూలు గుచ్చారు. స్త్రీ పురుషులు సమానులని 1976 రాజ్యాంగం చెప్పింది. ఈనాడు పోర్తో వీధిలో చేతిసంచీతో ఒంటరిగా నడిచే ఎనభై ఏళ్ళ బామ్మ, పడుచుతనంలో మొగుడి మాట లేనిదే సరిహద్దు దాటలేకపోయిన మనిషే కావచ్చు. అక్కడ ఒంటరి ఆడదాన్ని ఎవరూ వింతగా చూడరంటే, ఆ స్థితి ఊరికే వచ్చింది కాదన్నమాట.

ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవారికి షెంగెన్ వీసా, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కావాలి. విమానాశ్రయం నుంచి మెట్రో రైలు తిన్నగా ఊరి నడిబొడ్డుకు వస్తుంది గనుక అర్ధరాత్రి దిగితే తప్ప టాక్సీ అక్కరలేదు. లిస్బన్ నుంచి రైల్లో ఇంచుమించు మూడు గంటలు. సావ్ బెంతు స్టేషను గోడల నిండా జోర్జ్ కొలాసో చిత్రించిన నీలిరంగు పెంకులు, సుమారు 20,000 ఉంటాయి. వాటిని తలెత్తి చూస్తూ నిలబడేవారి సంచులంటేనే జేబుదొంగలకు ఇష్టం! కిటకిటలాడే ట్రాముల్లోనూ అంతే. పాస్‌పోర్టు బసలోనే భద్రపరచి, నకలు వెంట ఉంచుకోవాలి.

చాలా హాస్టళ్ళలో స్త్రీలకు విడిగా గదులు ఉంటాయి. బస కుదుర్చుకొనేటప్పుడు మ్యాపులో దగ్గరగా ఉందని మురిసిపోకండి. అక్కడ దగ్గరంటే రెండు వందల మెట్లు కావచ్చు. మన సింహాచలం మెట్లెక్కిన కాళ్ళకు భయం లేదు గాని, పెట్టె మోస్తూ ఎక్కడం వేరు. పైగా చలికాలం వానల్లో ఆ రాళ్ళు సబ్బు రాసినట్టు జారుతాయి. ఇటువంటి ఇరుకు సందులు పగలు ఎంత ముచ్చటగా ఉన్నా, రాత్రి పొద్దుపోయాక దీపాలున్న పెద్దవీధినే చుట్టు తిరిగి రావడం మేలు. ఇది భయపెట్టడానికి కాదు, విజయవాడలోనైనా ఇదే చెబుతాను. అవసరమైతే ఏ ఫోను నుంచైనా 112 నొక్కవచ్చు.

సాయంత్రాలకు డాం లూయిష్ ఇనుప వంతెన ఉంది. 1886లో తెరిచారు. ఐఫెల్ కట్టాడని చాలామంది అనుకొంటారు గాని, రూపకల్పన ఆయన పూర్వ భాగస్వామి థియోఫిల్ సేరిగ్‌ది. పై అంతస్తు మీద మెట్రోతో పాటు మనుషులూ నడుస్తారు.

నా మటుకు అసలు భయం మనుషులతో కాదు, సముద్రంతో. నదీముఖం దగ్గర ఫోజ్‌లో లైట్‌హౌసు గట్టు మీదికి తుఫాను రోజుల్లో ఇంటెత్తు అలలు విరుచుకుపడతాయి. ఫోటో కోసం అటు పోరాదు. బీచిలో పచ్చ జెండా ఉంటేనే ఈత. పసుపుపచ్చ ఉంటే తడవవచ్చు గాని ఈదకూడదు. ఎర్రదైతే నీళ్ళలో దిగనేకూడదు.

భాష మరీ పరాయిదేం కాదు. అల్మారా, మేస్త్రీ, ఇస్త్రీ, బొత్తాం, అనాస – ఇవన్నీ పోర్చుగీసు వర్తకుల వెంట మన దేశానికి వచ్చిన మాటలే. కృతజ్ఞత చెప్పేటప్పుడు మగవాడు “ఒబ్రిగాదు” అంటాడు, ఆడది “ఒబ్రిగాద” అనాలి.

తిండి దగ్గర శాకాహారులకు కొంచెం చిక్కే. ఆకుకూర సూపు “కాల్దు వెర్ద్”లో కూడా సాసేజ్ ముక్క తేలుతుంది. అడిగి మరీ తీయించుకోవాలి. హోటల్లో ఒక్కదానికే బల్ల ఇమ్మంటే మారు మాట్లాడకుండా ఇస్తారు. అయితే కూర్చోగానే అడగకుండా రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి పెడతారే, అవి మర్యాదకు పెట్టినవి కావు. తింటే బిల్లులో పడుతుంది. వద్దంటే నవ్వుతూ తీసుకుపోతారు.