పెంపుడు పొట్టేలు – ఇంటి సాసేజీ

మాంసము భుజించు కుటుంబములలో వంట రుచింపనిచో గృహిణిని నిందించుట వాడుక. మసాలా చాలలేదని యొకరు, ఉడుకు చాలలేదని యొకరు తలకొక మాట యందురు. నేనును చిరకాలము ఆ నిందను శిరసావహించితిని. మాంసపు రుచిలో సగపాలు పెరటి దొడ్డిలోను, ఆ జంతువు కడపటి దినమునను నిర్ణయమగునని రెండు పొట్టేళ్ళను పెంచిన పిదపగాని నాకు తెలియలేదు. ఆ సంగతిని, దానితోపాటు సాసేజీ చేయు విధమును సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మాది చంపాపేట. సాగరు రోడ్డు పొడవున ఇండ్లును దుకాణములును క్రిక్కిఱిసి యున్నను, బోనాల వేళను బక్రీదు వేళను ఇచటి పెరళ్ళలో ఇంకను గొఱ్ఱెల యరపు వినబడును. కొన్నియేండ్ల క్రిందట మావారు ఇబ్రహీంపట్నము వైపునుండి మూడు నెలల పొట్టేలుపిల్ల నొకదానిని కొనితెచ్చిరి. నొసట తెల్లని బొట్టుండుటచే మా యమ్మాయి దానికి ‘చుక్కడు’ అని పేరిడినది. బడినుండి వచ్చినతోడనే పుస్తకముల సంచి యొకమూల పడవైచి, సుబాబుల్ రెమ్మలు చేతబట్టుకొని దానికడకు పరుగెత్తుచుండెడిది.

పది నెలలు నిండిన పిదప దానిని వధకు పంపితిమి. మిట్టమధ్యాహ్నము వేఱు గొఱ్ఱెలతో కలిపి ట్రాలీ ఆటోలో ఎక్కించిరి. దిగునప్పుడు త్రాడు తెగి అది వీథులవెంట పరుగెత్తగా, కుఱ్ఱవాండ్రు కేకలు వేయుచు అరగంటసేపు తఱిమి పట్టితెచ్చిరి. ఇంటికి వచ్చిన మాంసము నల్లగా, బంకగా నుండెను. దానితో నేను చేసిన సాసేజీలు పెనముమీద వేయగనే ఇసుకముద్దలవలె విడిపోయినవి. మా యమ్మాయి పళ్ళెము ముందునుండి లేచి, “అమ్మా, చుక్కడు చాలా భయపడ్డాడా?” అని యడిగెను. నాకు సమాధానము దొరకలేదు.

తరువాత మా పేటకు వచ్చు పశువైద్యుని ఆ మాటయే యడిగితిని. ఆయన చెప్పిన శాస్త్రము మిక్కిలి సులభము. జంతువు కండలయందు గ్లైకోజెన్ అను చక్కెరనిలువ యుండును. నెమ్మదిగానున్న జంతువును వధించినచో ఆ నిలువ లాక్టికామ్లముగా మాఱి, మాంసమున తగినంత పులుపు నిలుచును. దానిచే రంగు, మెత్తదనము, రుచి కుదురును. మాంసము త్వరగా చెడదు. బెదరి పరుగెత్తిన జంతువున ఆ నిలువ ముందే వ్యయమగును. అట్టి మాంసము నల్లబడి, త్వరగా వాసనపట్టును. కనుక మా యమ్మాయి ప్రశ్నకు ఉత్తరము మా పళ్ళెములలోనే యున్నదన్నమాట!

రెండవ పొట్టేలునకు ఆదినుండియు జాగ్రత్త వహించితిమి. మన ప్రాంతమున దక్కని జాతి, నెల్లూరు జాతి గొఱ్ఱెలు ప్రసిద్ధములు. ఏ జాతియైనను చిన్నతనముననే విత్తులు కొట్టించినచో పోతువాసన తగ్గును. వయసు ముదిరినకొలది క్రొవ్వులో గొఱ్ఱెవాసన హెచ్చును గావున ఏడాది దాటనీయరాదు. పచ్చగడ్డి, చెట్టురెమ్మలు ప్రధానముగా పెట్టి, కడపటి రెండు నెలలు మాత్రము తవుడు, శనగపొట్టు, కొలదిగా వేరుసెనగ చెక్క చేర్చవలెను. ఈ దాణా నొక్కసారిగా హెచ్చించినచో కడుపుబ్బి చచ్చును. దినదినము పిడికెడేసి పెంచవలెను. చిటుకురోగమునకును పారుడురోగమునకును టీకాలు వేయించుట, నట్టలమందు త్రాగించుట మఱువరాదు. మందిచ్చిన పిదప వైద్యుడు చెప్పినన్ని దినములు గడువకుండ వధింపరాదు.

వధకు ముందటి రాత్రి మేత మాన్పి, నీరు మాత్రము సమృద్ధిగా నుంచవలెను. తెల్లవారుజామున చల్లని వేళ, పరిచితులైనవారు నెమ్మదిగా తోలుకొనిపోవలెను. నగరములలో గుర్తింపుపొందిన వధశాలలోనే వధింపవలెనని 2001 నాటి నియమములు శాసించుచున్నవి. మూడు నెలలు నిండని పిల్లలను, చూలుగొఱ్ఱెలను వధించుట ఆ నియమములలో నిషిద్ధము. పశువైద్యుని పరీక్షయు అవసరము. పెరటిలో కోయించి కాలువలోనికి రక్తము వదలుట ఇరుగుపొరుగువారికిని కీడు.

మాంసము తెచ్చినతోడనే డీపుఫ్రీజరులో పడవేయరాదు. వేడియారని కండ హఠాత్తుగా గడ్డకట్టినచో ముడుచుకొని బిఱుసెక్కును. ఫ్రిజ్‌లో ఒక దినము నిలిపిన పిదప కోయుట మేలు.

సాసేజీ దొరల వంటకమని కొందఱు తలంతురు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున ‘మండలీయ’మను పేర, ప్రేగులలో పూరణము నింపి నిప్పులపై కాల్చు వంటకము చెప్పబడినది. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వఱకు అది హైదరాబాదు రాజ్యములోనిదే. కాబట్టి ఈ వంట మన దక్కనునకు క్రొత్తది కాదు.

ఇక చేయు విధము. భుజము, మెడ భాగముల కండ కిలోన్నర. వీపుమీదిది, ఱొమ్ముదియు క్రొవ్వు అరకిలో. మొదటిసారి ఆరోగ్యమని క్రొవ్వంతయు తీసివేయుటయు నా తప్పులలో నొకటి. నాల్గవపాలు క్రొవ్వు లేనిదే సాసేజీ ఎండిపోవును. మూత్రపిండముల చుట్టునుండు గట్టి క్రొవ్వు నాలుకకు మైనమువలె అంటుకొనును గనుక దానిని వాడకుండుటయే మంచిది. ఉప్పు 36 గ్రాములు, మిరియాలపొడి 8 గ్రాములు, వేయించిన ధనియాలపొడి 10 గ్రాములు, జీలకఱ్ఱ 4 గ్రాములు, వెల్లుల్లి 20 గ్రాములు, సన్నగా తఱిగిన పుదీన గుప్పెడు. పచ్చి అల్లము వేయరాదు. దానిలోని పాచకపదార్థము మాంసమును రాత్రికి రాత్రి పిండివలె చేయును. శొంఠిపొడి రెండు గ్రాములు చాలును.

మాంసమును, క్రొవ్వును, యంత్రపు భాగములను సయితము ముందుగా చల్లబఱచి కీమా కొట్టవలెను. క్రొవ్వు కరగెనా, పని చెడెనన్నమాటయే. పిదప ఉప్పు, మసాలాలు, పావులీటరునకు కొంచెము తక్కువగా మంచునీరు చేర్చి, చేతికి జిగటగా అంటుకొనువఱకు మర్దింపవలెను. ముద్ద నొకదానిని అఱచేతనుంచి చేయి బోర్లించినను క్రిందపడకుండినచో పాకము కుదిరినదని గుర్తు. ఉప్పుచే కండలోని మాంసకృత్తు వెలువడి, ముక్కలను క్రొవ్వుతో పట్టియుంచుటయే దీనికి కారణము. చిన్న బిళ్ళ నొకదానిని వేయించి ఉప్పు చూచుకొనవలెను.

చిన్నప్రేగును తిరుగవేసి, కత్తివెనుకతో లోపలి పొరను గీకి, పలుమాఱులు కడిగి, ఉప్పులో నిలువయుంచవలెను. వాడుటకు ముందు అరగంట గోరువెచ్చని నీట నానవేయవలెను. గరాటు మూతికి ప్రేగును తొడిగి, మాంసమును వదులుగా కూరవలెను. బిగియ కూరినచో ఉడుకునప్పుడు పగులును. నాలుగంగుళముల కొకచోట మెలిపెట్టి, గాలిబుడగలను సూదితో పొడిచి, రాత్రియంతయు ఫ్రిజ్‌లో ఆరనీయవలెను. మఱునాడు నీరు తెర్లకుండ, సన్నని సెగమీద ఇరువది నిమిషములుంచి, పిదప పెనముమీద ఎఱ్ఱగా కాల్చవలెను. నడుమ భాగము 71 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కినదాక తినరాదు.

మనవారు వట్టి తునకలను ఎండలో వ్రేలాడదీసినట్లు సాసేజీలను ఎండబెట్టరాదు. తునకలు పలుచనివి, గాలి తగులునవి. ప్రేగులో కూరిన తడిమాంసమునకు గాలి చొరదు. బొటులిజము అను ప్రాణాంతకవిషము పుట్టుట కదియే చోటు. లాటిను భాషలో సాసేజీకి గల పేరే ఆ రోగమునకు వచ్చినది. పచ్చివి రెండుదినములలో వాడవలెను. మిగిలినవి డీపుఫ్రీజరులో రెండు నెలలుంచవచ్చును. ఇంకను నేర్వదలచినవారికి మన నగరపు తూర్పుననే, చెంగిచెర్లలో, 1999లో వెలసిన జాతీయ మాంస పరిశోధన సంస్థ గలదు.

రెండవ పొట్టేలు మాంసము ఎఱ్ఱగా, నిగనిగలాడుచుండెను. సాసేజీలు విడిపోలేదు, మా అత్తగారు మాఱడిగిరి. భారతమున ధర్మవ్యాధుడు మాంసవిక్రయము చేయుచునే కౌశికునకు ధర్మము బోధించిన కథను చిన్ననాట మా తండ్రిగారు నాచేత చదివించిరి. దాని యర్థము నాకు ఆనాటికంటె నేడు ఎక్కువగా తెలియుచున్నది.

మా యమ్మాయి మాత్రము ఆ దినమును సాసేజీ ముట్టలేదు. “వీడు భయపడ్డాడా?” అని మరల యడిగెను. “లేదమ్మా, మీ నాన్నగారు కడదాక దగ్గఱనే యున్నారు” అంటిని. అది కొంతసేపు ఊరకుండి, పెరుగన్నము కలుపుకొని మా ప్రక్కనే కూర్చుండి తినెను. నేను బలవంతపెట్టలేదు. తినుటయో మానుటయో దాని యిష్టము. భయపెట్టకుండ పెంచి పంపుట మాత్రము మన విధి.