నత్తియుఁ గాలమాత్రయు

నత్తిని పలువురు పండితులు స్థానకరణదోషముగాఁ దలఁతురు. అది సరికాదు. పటాన్‌చెరు కర్మాగారములందుఁ బనిసేయువారి బిడ్డలు చదువు నొక పాఠశాలలో నేను పరిశీలించిన బాలుఁడు 'కమలము' అనఁబోయి కకారమును ముమ్మాఱు పలికి నిలిచిపోవును. ఆ పదము గల పద్యమునే సహపాఠులతోఁ గలసి తడఁబాటు లేక చదువును. కంఠస్థానమే దుష్టమైనచో నచ్చటను దోషముండవలదా? (పాణినీయమందలి యభ్యాసమునవలె నిచ్చటను మొదటి యవయవమే ద్విరుక్తమగుట వింత, కాని యది శాస్త్రవిహితము, ఇది యనిష్టము.)

దోషము వర్ణమునఁ గాదు, వర్ణమునుండి వర్ణమునకుఁ బోవు కాలమున నున్నది. హ్రస్వమున కొకమాత్ర, దీర్ఘమునకు రెండు, ప్లుతమునకు మూఁడని శిక్షాకారులు విధించిరి. ఈ గణనమును మెదడు లోలోన నడపవలయును; నత్తిగలవారి కది చెదరునని నేఁటి శాస్త్రజ్ఞులు పలువురి మతము. పద్యమునందు గణములును, బృందపఠనమునందుఁ దోడివారి గొంతులును ఆ లయను వెలుపలినుండి యిచ్చును. 1950లో బెర్నార్డ్ లీ వక్తకుఁ దన కంఠధ్వనినే యించుక యాలస్యముగా వినిపింపఁగా నత్తి లేనివారు సైతము తడఁబడిరి.

ఐనను తాళముతో వచ్చిన గుణము తాళముతోనే పోవుట తఱచు. దానిని చికిత్స యనరాదు. హాజరు పిలిచినపుడు పలుకలేని బాలుని పాఠము రానివాఁడని నిలువఁబెట్టు నుపాధ్యాయులు సంగారెడ్డి ప్రాంతమున నిప్పటికిని గలరు. త్వరపెట్టుటయు, మాట నందిచ్చుటయుఁ గూడదు. మొదట నిద్దఱిచేఁ గలిపి చదివించి, పిమ్మట నొక్కనికి వలసినంత కాలమీయవలయును.